కురుపాం కొండప్రాంతంలో శిశువుల బడిప్రవేశ సన్నాహం: సవర భాషా నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మూడేళ్లు నిండి ఆరేళ్లు నిండని పిల్లలను బడికి సిద్ధం చేయడమన్నది తెలుగు మైదానాల్లో ఒక రకంగా, తూర్పు కనుమల గిరిజన గూడల్లో మరొక రకంగా సాగింది. పార్వతీపురం మన్యం జిల్లాలోని కురుపాం, దాని పరిసర కొండప్రాంతాల సవర శిశువుల దృష్టితో ఈ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. గిడుగు వెంకట రామమూర్తి సవర పాఠశాలలు, తారాబాయి మోదక్ రూపొందించిన అంగన్‌వాడీ భావన, 2004లో ఆరంభమైన మాతృభాషాధారిత బహుభాషా విద్య అనే మూడు ప్రయత్నాలను ఒక వరుసలో పెట్టి చూస్తే, బడి గూడకు చేరిన తరువాత కూడా బడిభాష గూడకు ఎందుకు చేరలేదన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

కీలకపదాలు: సవర భాష, గిడుగు వెంకట రామమూర్తి, అక్షరాభ్యాసం, అంగన్‌వాడీ, పూర్వ ప్రాథమిక విద్య, బహుభాషా విద్య, కురుపాం.

ఉపోద్ఘాతం

కురుపాం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోని జమీందారీ. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి, 1979 జూన్ 1న విజయనగరం జిల్లాలోకి, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. ఊరు కొండల అడుగున ఉన్నది. అక్కడి నుంచి గుమ్మలక్ష్మీపురం వైపు వెళ్లేకొద్దీ కొండలు దగ్గరపడతాయి, వాటిని దాటితే ఒడిశాలోని గుణుపురం ప్రాంతం. ఈ కొండల్లో ప్రధానంగా జాతాపులు, సవరలు నివసిస్తున్నారు. జాతాపులు కొండల మీద ఖోండు భాష, మైదానంలో తెలుగు మాట్లాడే ఖోండుల శాఖ అని 1901 జనాభా లెక్కల నివేదిక పేర్కొన్నది. నేడు వీరిలో అధికులకు ఇంటిభాష తెలుగే. సవరల పరిస్థితి వేరు. సవర ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందిన భాష. తెలుగుకూ దానికీ శతాబ్దాల ఇరుగుపొరుగు సంబంధం ఉన్నదే కాని జన్మసంబంధం లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో సవర మాట్లాడేవారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు.

ఈ భేదాన్ని మొదటే చెప్పుకోవలసిన అవసరం ఉన్నది. 'గిరిజన విద్యార్థి' అనే ఒకే మాట కింద జాతాపు బిడ్డనూ సవర బిడ్డనూ చేర్చి రాసిన పరిశోధనలు తక్కువేమీ కావు. ఆర్థిక స్థితి, దూరం, ఆరోగ్యం వంటి విషయాల్లో ఆ మాట పనికివస్తుంది. బడిలో మొదటిరోజు విషయంలో మాత్రం పనికిరాదు. జాతాపు బిడ్డ వినే మాటలు పుస్తకపు తెలుగుకు దూరమైనా తెలుగే. సవర బిడ్డకు వినబడేది పరభాష.

మైదానంలో సన్నాహం: అక్షరాభ్యాసం

తెలుగు సమాజంలో బిడ్డను చదువుకు సిద్ధం చేసే పద్ధతికి ఉన్న స్పష్టమైన పాత సాక్ష్యాల్లో ఒకటి బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. 1822లో గవర్నరు థామస్ మన్రో ఆదేశించిన దేశీయ విద్యా విచారణలో ఇది భాగం. తరువాతి కాలంలో ధరంపాల్ సంకలనం ద్వారా పరిశోధకులకు బాగా పరిచితమైంది. అయిదేళ్లు నిండిన బాలుని ఇంటికి బడిపంతులునూ బడిపిల్లలనూ ఆహ్వానించడం, వినాయకుని ప్రతిమ చుట్టూ అందరూ కూర్చోవడం, పంతులు ధూపదీపాలతో పూజ చేసి బాలుని వేలు పట్టి బియ్యంలో దేవుని పేరు రాయించడం, తల్లిదండ్రులు శక్తికొలది కానుక ఇచ్చి పంపడం క్యాంబెల్ వర్ణనలో కనిపిస్తాయి. మరునాటి ఉదయం బాలుడు బడికి వెళ్తాడు.

ఈ వర్ణనలో సాధారణంగా అందరూ గమనించేది క్రతువు. అంతకన్నా గమనించదగినది దాని దిశ. బిడ్డ బడికి వెళ్లడానికి ముందు బడి బిడ్డ ఇంటికి వచ్చింది. పంతులు, తోటిపిల్లలు, పలకాల్సిన మాట, పట్టుకోవాల్సిన చేయి, ఇవన్నీ ఇంటి గడపలోనే ఒకసారి పరిచయమయ్యాయి. వయసు తెలియనిచోట చేతిని తలమీదుగా అవతలి చెవికి అందించమని చూసే పద్ధతి తెలుగు పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఉండేది. శరీరం సిద్ధమైందా అన్నదే అక్కడి పరీక్ష. భాష సిద్ధమైందా అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. తట్టవలసిన అవసరం లేదని అనుకొన్నారు.

నిజానికి అవసరం ఉండేది. అదే నివేదికలో క్యాంబెల్ మరొక మాట రాశాడు. బడిలో వల్లెవేయించే పద్యగ్రంథాల భాష వ్యవహారభాషకు దూరమైనదనీ, పిల్లలు అర్థం తెలియకుండానే చదువుతున్నారనీ, పంతుళ్లలో కూడా అర్థం చెప్పగలవారు అరుదనీ ఆయన విమర్శ. వలసపాలకుని చూపులోని తక్కువచేత ధోరణిని తీసివేసినా విమర్శలోని సారం మిగులుతుంది. ఇంటిమాటకూ బడిమాటకూ మధ్య ఎడం తెలుగు బిడ్డకు కూడా ఉన్నది. ఆ ఎడాన్ని ఎనభై ఏళ్ల తరువాత ఉద్యమస్థాయిలో ప్రశ్నించిన వ్యక్తే సవర బిడ్డ ఎదుర్కొనే మరింత పెద్ద ఎడాన్ని అంతకుముందే గుర్తించడం యాదృచ్ఛికం అనిపించదు.

గూడలో బాల్యం

సవర సమాజంలో పుట్టిన బిడ్డకు చనిపోయిన పూర్వికుల పేరు పెట్టే ఆచారాన్ని మానవశాస్త్రజ్ఞులు నమోదు చేశారు. ఒడిశా కొండల సవరలను గురించి వెరియర్ ఎల్విన్ 1955లోనూ పియర్స్ విటెబ్‌స్కీ 1993లోనూ వెలువరించిన గ్రంథాలు ఈ సమాజంలో మృతులకూ బతికినవారికీ మధ్య సాగే సంభాషణను విస్తారంగా చర్చించాయి. పేరు వంశంలోకి తిరిగి వచ్చిన వ్యక్తికి గుర్తు. అటువంటి పేరుతో పెరిగిన బిడ్డ బడిపట్టీలోకి ఎక్కేటప్పుడు ఇంటిపేరు గడిలో చాలాచోట్ల జాతి పేరైన 'సవర' చేరుతుంది. బడిప్రవేశంలో మొదట మారేది పేరే అనవచ్చు.

కొండపోడు మీద ఆధారపడిన కుటుంబంలో తల్లిదండ్రులు పొద్దున్నే కొండెక్కితే చంటిబిడ్డ తల్లి వీపున, కొంచెం పెద్దబిడ్డ అక్క చంకన ఉంటారు. నడక, చెట్టుచేమల గుర్తింపు, వాన వాసన, గింజల లెక్క, కంది కొత్తల పండుగ ఎప్పుడో తెలియడం, ఇవి ఆరేళ్లలోపే అలవడతాయి. ఈ జ్ఞానం తక్కువదేమీ కాదని చెప్పడం ఇప్పుడు మర్యాదగా మారింది. అయితే బడి దాన్ని ఏ గడిలో రాసుకోవాలో తెలియక వదిలేస్తుందన్నది అసలు సమస్య.

రెండు ఉదాహరణలు చూడవచ్చు. మొదటిది అక్షరం. తెలుగు వాచకం మొదటి పుటలో 'అ' పక్కన అమ్మ బొమ్మ, 'ఆ' పక్కన ఆవు బొమ్మ ఉంటాయి. ఈ బోధనాపద్ధతి ఒక షరతు మీద నడుస్తుంది. బొమ్మను చూడగానే బిడ్డ నోట తెలుగు మాట రావాలి, ఆ మాట తొలిధ్వనితో అక్షరాన్ని ముడివేయాలి. తల్లి బొమ్మను చూసిన సవర బిడ్డ నోట వచ్చే మాట 'యాంగ్'. ఆ మాటలో 'అ' అనే తొలిధ్వని లేదు. బొమ్మ గుర్తుపట్టినా అక్షరం గుర్తుకు రాదు. అప్పుడు బిడ్డ చేయగలిగినది పంతులు నోటిని అనుకరించడం ఒక్కటే. దీన్నే తరువాత 'గ్రహణశక్తి తక్కువ' అని రాస్తారు.

రెండవది అంకె. సవర లెక్క పన్నెండు, ఇరవై అనే రెండు మెట్ల మీద నడుస్తుంది. పన్నెండుకు 'మిగ్గెల్' అని విడి మాట ఉన్నది. పదమూడు పన్నెండు మీద ఒకటి, పందొమ్మిది పన్నెండు మీద ఏడు. ఇరవై దగ్గర కొత్త మెట్టు. ముప్పైమూడు అంటే ఇరవై, దాని మీద పన్నెండు, దాని మీద ఒకటి. తెలుగు లెక్క పదుల మీద నడుస్తుంది, దశాంశ స్థానాలతో రాసే అంకెలకు అది సరిపోతుంది. ఈ తేడా తెలియని ఉపాధ్యాయునికి పన్నెండు దాటగానే బిడ్డ తడబాటు మందబుద్ధిగా కనిపిస్తుంది. తెలిసినవారికి అదే బిడ్డ ఒక లెక్క నుంచి మరొక లెక్కకు తర్జుమా చేస్తున్నట్లు అర్థమవుతుంది.

గిడుగు ప్రయోగం

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా చేరారు. అప్పటి గంజాం జిల్లాలోని ఆ పట్టణానికి చుట్టుపక్కల కొండల నుంచి సవరలు వచ్చిపోతుండేవారు. వారి భాష నేర్చుకోవాలన్న కోరికతో తెలుగు, సవర రెండూ వచ్చిన వ్యక్తి సాయం తీసుకొని ఆయన అభ్యాసం మొదలుపెట్టారు. ఆ అభ్యాసం నిఘంటువుతోనో వ్యాకరణంతోనో ఆగలేదు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. తన కృషికి ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా దానికి బదులు సవరలకు బడి పెట్టమని కోరినట్లు ఆయన జీవితచరిత్రకారులు రాశారు. సుదీర్ఘ పరిశ్రమ ఫలితంగా ఆంగ్లంలో రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది.

కొండల్లో తిరిగిన కాలంలో సోకిన మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. ధ్వనులను విని, విశ్లేషించి, రాసే పనిలో ఉన్న మనిషికి ఇంతకన్నా పెద్ద నష్టం ఊహించడం కష్టం. సవరలో గొంతులో ఆగిపోయే స్పర్శధ్వనులున్నాయి. తెలుగు లిపిలో వాటికి గుర్తు లేదు. వాటిని పట్టుకొని నమోదు చేసిన చెవి అది.

గిడుగు సవర కృషిని వ్యావహారిక భాషోద్యమానికి పూర్వరంగంగా, ఒక విశేషంగా మాత్రమే ప్రస్తావించి ముందుకు సాగడం తెలుగు సాహిత్యచరిత్రల్లో పరిపాటి. కాలక్రమం చూస్తే వరుస తిరగబడినట్లు కనిపిస్తుంది. 1906-07 ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారి జె.ఎ. యేట్స్ ప్రశ్నల ప్రేరణతో తెలుగు వచనభాష గురించి గిడుగు పోరాటం ఆరంభమయ్యే నాటికే సవర పిల్లలకు సవరలో చదువు చెప్పించిన అనుభవం ఆయనకు ఉన్నది. బిడ్డకు తెలిసిన మాటలో నుంచి తెలియని అక్షరంలోకి తీసుకుపోవాలన్న సూత్రం కొండల మీద ముందుగా పరీక్షకు నిలిచింది. తరువాతనే అది మైదానపు తెలుగు బిడ్డ పక్షాన వాదమైంది. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి సవర అధ్యయనాన్ని కొనసాగించడమే కాక తెలుగు బాలసాహిత్యంలోనూ పేరు పొందడం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. ఏటా ఆగస్టు 29న జరిగే తెలుగు భాషా దినోత్సవ సభల్లో ఈ సవర బడుల ప్రస్తావన ఎంత ఉంటుందో కళాశాల అధ్యాపకులకు విదితమే.

ఈ ప్రయోగం కురుపాం సవరల దాకా సాగడానికి పాలనావ్యవస్థ అనుకూలించలేదు. పర్లాకిమిడి గంజాం జిల్లాలో, కురుపాం విశాఖపట్నం జిల్లాలో, వేర్వేరు జమీందారీల కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడడంతో జిల్లాసరిహద్దు రాష్ట్రసరిహద్దుగా మారింది. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడం సమ్మతించని గిడుగు రాజమహేంద్రవరానికి తరలి వచ్చారు, 1940లో మరణించారు. అదే 1936లో ఒరిస్సా వైపున మంగై గొమాంగో సవరకు 'సోరా సోంపెంగ్' అనే ప్రత్యేక లిపిని రూపొందించాడు. ఫలితంగా ఒకే భాష తెలుగు, ఒడియా, రోమన్, సోంపెంగ్ లిపుల మధ్య చీలింది. కురుపాం వైపు సవర బిడ్డకూ గుణుపురం వైపు సవర బిడ్డకూ పాట ఒకటి కావచ్చు, పుస్తకం మాత్రం ఒకటి కాలేదు.

బడి కొండెక్కిన కాలం

స్వాతంత్ర్యానంతర దశాబ్దాల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు, ఆశ్రమ పాఠశాలలు కొండప్రాంతానికి చేరాయి. ఉపాధ్యాయులు సాధారణంగా మైదానం నుంచి వచ్చినవారు. వారిలో కొందరు గూడల్లో స్థిరపడి ప్రజల్లో కలిసిపోయారు. శ్రీకాకుళ గిరిజన ఉద్యమ నాయకుడైన వెంపటాపు సత్యనారాయణ ఈ కొండలకు వచ్చింది ఉపాధ్యాయునిగానే. 1967 అక్టోబరు 31న గిరిజన సంఘం మహాసభ ఏర్పాటైన మొండెంఖల్లు నేటి కురుపాం మండలంలోనిది. ఆ సభకు వెళ్తున్న ఇద్దరు గిరిజనులు లేవిడి దగ్గర కాల్పుల్లో మరణించారు. తరువాతి సంఘటనలు సుపరిచితాలే. ఉద్యమానంతరం 1970ల ఆరంభంలో గిరిజనాభివృద్ధి సంస్థ, ఆపైన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాయి. భూమి, అప్పు, అటవీ ఉత్పత్తుల ధరలు ఉద్యమం ముందుకు తెచ్చిన ప్రశ్నలు. పసిపిల్లల బడిభాష వాటిలో లేదు. పంట పోతున్నప్పుడు వాచకం గురించి ఎవరూ అడగలేదన్నది ఆక్షేపణగా చెప్పవలసిన మాట కాదు.

1980ల చివర గూడస్థాయిలో గిరిజన విద్యా వికాస కేంద్రాలు, తరువాతి దశాబ్దంలో 'మాబడి' పేరుతో సముదాయ పాఠశాలలు వచ్చాయి. స్థానిక గిరిజన యువకులే వీటిలో ఉపాధ్యాయులు. భాషాపరంగా గిడుగు తరువాత ఇది ముఖ్యమైన అడుగు. పుస్తకం తెలుగులోనే ఉన్నా వివరణ ఇంటిభాషలో దొరికింది. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టుల్లో స్థానిక గిరిజనులకు ప్రత్యేక హక్కు కల్పించిన 1986 నాటి 275వ ఉత్తర్వు, దాని స్థానంలో 2000 జనవరి 10న వెలువడిన 3వ ఉత్తర్వు ఇదే దిశలోనివి. రెండవదాన్ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. ఆ తీర్పు మీద జరిగిన చర్చ చాలావరకు ఉద్యోగాల చుట్టూ తిరిగింది. మొదటి తరగతి గదిలో బిడ్డ మాట అర్థమయ్యే పెద్దమనిషి ఉంటారా ఉండరా అన్నది ఆ ఉత్తర్వుతో ముడిపడిన రెండో విషయం. దాని మీద చర్చ తక్కువ.

అంగన్‌వాడీ అనే మాట పుట్టిన చోటు

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆరంభమైంది. అంగన్‌వాడీ అనే మాట తెలుగువారి నోట స్థిరపడింది దీనితోనే. అంతకుముందు వాడుకలో ఉన్నది 'బాల్వాడీ'. అయితే ఈ మాట పథకంతో పుట్టలేదు.

తారాబాయి మోదక్ గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి మాంటిసోరి పద్ధతిని భారతీయ పరిస్థితులకు మలిచే పనిలో పాలుపంచుకొన్నారు. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో శిశువిద్యాకేంద్రం ఆరంభించారు. పేద, దళిత కుటుంబాల పిల్లలు కేంద్రానికి రాలేదు. అప్పుడామె బోధనసామగ్రిని ఎత్తుకొని వాళ్ల వాడలోని ముంగిళ్లకే వెళ్లారు. ముంగిలిలో నడిచే బడి కనుక మరాఠీలో అంగణవాడి అయింది. 1957లో ఈ పని కోస్‌బాడ్ కొండమీది వార్లీ ఆదివాసుల మధ్యకు మారింది. పిల్లలు పశువులు కాసేచోట నడిచే 'కురణశాల', అంటే పచ్చికబడి, అక్కడి ప్రయోగమే. ఆమె శిష్యురాలు అనుతాయి వాఘ్ దాన్ని కొనసాగించారు. ఖరీదైన మాంటిసోరి పరికరాల స్థానంలో గింజలు, ఆకులు, గవ్వలు, గులకరాళ్లు వచ్చాయి.

కురుపాం చరిత్రలో మహారాష్ట్ర కొండకు చోటు ఎందుకన్న సందేహం రావచ్చు. ఇప్పుడు ఇక్కడి గూడల్లో పసిపిల్లల చదువుకు ఉన్న ఏకైక ప్రభుత్వ రూపం పేరు, ఊహ ఆ కొండవే. బడికి రాని బిడ్డలో లోపం వెదకకుండా బడినే బిడ్డ ముంగిలికి మోసుకుపోవడం ఆ ఊహలోని ప్రాణం. క్యాంబెల్ వర్ణించిన ఇంట్లో పంతులు వచ్చి కూర్చున్న దృశ్యానికి ఇది ఎంతో దగ్గరిది. అయితే జాతీయ పథకంగా మారినప్పుడు ముంగిలి భవనమైంది, ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటిగా మిగిలింది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు లెక్కకు అందుతాయి. పసిబిడ్డకు చెప్పిన కథ అందదు. పథకం ఇచ్చిన తిండిని తక్కువచేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆకలితో ఉన్న బిడ్డను ఏ భాషా సిద్ధం చేయలేదు. పైగా చంటిబిడ్డను చూసుకొనే చోటు గూడలో ఉంటే ఆ బిడ్డను మోసే అక్క బడికి పోగలుగుతుంది. ఆడపిల్లల చదువు మీద అంగన్‌వాడీ ప్రభావంలో ఇదొక ముఖ్యమైన అంశం.

గూడ పరిమాణం మరొక చిక్కు. గిరిజన, కొండ ప్రాంతాల్లో 300 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, 150 నుంచి 300 జనాభాకు చిన్న కేంద్రం అన్నది పథకం ప్రమాణం. ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ప్రాధాన్యమిస్తూ కేంద్రాల సంఖ్యను 14 లక్షలకు పెంచాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. కొండమీది గూడ పది పదిహేను ఇళ్లదైతే ప్రమాణం దాన్ని పొరుగు గూడతో కలుపుతుంది. మధ్యలో గెడ్డ ఉంటే వానాకాలంలో మూడేళ్ల బిడ్డకు కేంద్రం లేనట్లే. 2023 నవంబరు 15న ఆరంభమైన పీఎం జన్‌మన్ కార్యక్రమం ఆదిమ గిరిజన తెగల ఆవాసాల్లో కొత్త అంగన్‌వాడీలను కూడా లక్ష్యంగా పెట్టుకొన్నది.

బహుభాషా విద్య, దాని కింది అంచు

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు సౌకర్యాలు కల్పించమన్నది. ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషల విషయంలో అది ఆచరణకు రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, బంజారా అనే ఎనిమిది భాషల్లో, తొలుత 240 పాఠశాలల్లో మాతృభాషాధారిత బహుభాషా విద్య మొదలైంది. లిపి తెలుగు. బిడ్డ మొదట ఇంటిభాషలో చదవడం, రాయడం నేర్చుకొని క్రమంగా తెలుగులోకి, ఆపైన ఆంగ్లంలోకి సాగాలన్నది ప్రణాళిక. గిడుగు తెలుగు లిపిలో సవర వాచకం రాసిన నూరేళ్లకు అదే లిపిలో సవర వాచకం ప్రభుత్వ బడిలోకి వచ్చింది. ఈ రెండింటి మధ్య ఉన్నది కొనసాగింపు అనడం కన్నా మరిచిపోయి మళ్లీ కనుగొనడం అనడమే సబబు.

ఈ కార్యక్రమం ఒకటో తరగతి నుంచి మొదలైంది. ఒకటో తరగతి విద్యాశాఖది, అంతకు ముందరి మూడేళ్లు స్త్రీ శిశు సంక్షేమ శాఖవి. భాష ఎక్కువగా అలవడే మూడు నుంచి ఆరేళ్ల వయసు బహుభాషా విద్య పరిధికి బయటే ఉండిపోయింది. తెలుగు పాటలు, తెలుగు బొమ్మల పట్టికలతో నడిచే అంగన్‌వాడీలో మూడేళ్లు గడిపిన సవర బిడ్డ ఒకటో తరగతిలో సవర వాచకం అందుకోవడం ఈ విభజన ఫలితం. సన్నాహం ఒక భాషలో, చదువు మరొక భాషలో. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యావిధానం ఇంటిభాషను ప్రధానంగా వాడమని స్పష్టంగా చెప్పింది. ఒడిశా తన గిరిజన భాషల్లో పూర్వ ప్రాథమిక సామగ్రిని తయారుచేసుకొన్నది. సరిహద్దుకు ఇవతల అలాంటి ప్రయత్నం ఆ స్థాయిలో సాగలేదు.

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టాలన్న ఉత్తర్వు మీద తీవ్రమైన వాదం చెలరేగింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. మాతృభాష పక్షాన మాట్లాడినవారు గిడుగును పదేపదే తలచుకొన్నారు. అయితే ఆ వాదమంతటా మాతృభాష అంటే తెలుగే. ఆంగ్లమా తెలుగా అన్న ప్రశ్నలో కురుపాం కొండల సవర బిడ్డకు రెండు వైపులా పరభాషే ఉన్నది. గిడుగు పేరు చెప్పి ఆ బిడ్డను మరిచిపోవడం తెలుగు భాషాభిమానంలోని పెద్ద వైరుధ్యం.

ఇక్కడ తల్లిదండ్రుల కోరికను పక్కన పెట్టడం న్యాయం కాదు. బిడ్డకు సవర ఇంట్లో వస్తుంది, బడి తెలుగో ఇంగ్లీషో నేర్పాలి, లేకపోతే బడి ఎందుకు అన్న వాదన గిరిజన తల్లిదండ్రులలో ఉన్నది. కురుపాం సంతలో తూకం, ధర, అప్పు అన్నీ తెలుగులో నడిచిన చరిత్ర తెలిసినవారు ఈ వాదనను అజ్ఞానమని కొట్టివేయలేరు. తెలుగు రాకపోవడం వల్ల ఎన్ని తరాలు ఎంత నష్టపోయాయో వారికి తెలుసు. వారు తెలుగు అడుగుతున్నారు, అది వారి హక్కు. ఆ తెలుగును మూడేళ్ల బిడ్డకు ఏ దారిలో అందించాలన్నది మాత్రం బోధనాశాస్త్రం తేల్చవలసిన విషయం. ఇంటిభాషలో కథ విని, ప్రశ్న అడిగి, లెక్కపెట్టి, బొమ్మకు పేరు పెట్టిన బిడ్డకు రెండో భాష త్వరగా పట్టుబడుతుందన్న గిడుగు అనుభవాన్ని తరువాతి బహుభాషా పరిశోధన బలపరిచింది. తల్లిదండ్రుల లక్ష్యానికీ సవర అంగన్‌వాడీకీ విరోధం లేదని వారికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యత పథకాల మీద ఉండగా, ఆ పని చేయకుండానే వారు వద్దంటున్నారని రాసుకోవడం సులభమైపోయింది.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాదిదశగా చూసింది. అంగన్‌వాడీకీ ఒకటో తరగతికీ మధ్య గోడ కాగితం మీద తొలగింది. ఇది స్వాగతించవలసిన మార్పు. అదే పత్రం గిరిజన ప్రాంతాల ఆశ్రమశాలల్లో కూడా శిశువిద్యను దశలవారీగా ప్రవేశపెట్టాలన్నది. ఇక్కడ జాగ్రత్త అవసరం. పసిబిడ్డను గూడ నుంచి వేరుచేసి వసతిబడికి దగ్గర చేసే ఏర్పాటుగా అది మారితే, తారాబాయి ముంగిలికి మోసుకుపోయిన బడి మళ్లీ ముంగిలి విడిచినట్లే.

అంగన్‌వాడీ నిబంధనల్లో కార్యకర్తతోపాటు ఒక సహాయకురాలు ఉంటుంది. తెలుగునాట ఆమెను ఆయా అంటారు. వంట వండి వడ్డించడం, కేంద్రాన్ని శుభ్రం చేయడం, పిల్లల శుభ్రత చూడడం, చిన్నపిల్లలను ఇళ్ల నుంచి కేంద్రానికి తీసుకురావడం ఆమె విధులుగా రాసి ఉన్నాయి. కార్యకర్తకు సవర రానిచోట, ఆయా ఆ గూడ మనిషే అయినచోట, బిడ్డ ఏడుపుకు కారణమేమిటో కార్యకర్తకు తెలుగులోనూ, కార్యకర్త చూపిన బొమ్మ ఏమిటో బిడ్డకు సవరలోనూ చెప్పగలిగేది ఆమె ఒక్కతే. దుబాసీ పని ఆమె విధుల జాబితాలో లేదు. దానికి శిక్షణ లేదు, పుస్తకం లేదు, గౌరవ వేతనంలో లెక్క లేదు.